"మా బాబు మీ ఫ్యానండీ" అనే ముందు

మాన్‌హటన్‌లో కాఫీ కోసం క్యూలో ఉన్నప్పుడో, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సామాను బెల్టు దగ్గరో తెలిసిన మొహం కనబడగానే మన నోట్లోంచి వచ్చే మొదటి అబద్ధం ఇదే: "మా బాబు మీకు పెద్ద ఫ్యానండీ." ఆ బాబుకి ఆరేళ్లు, పుట్టింది న్యూజెర్సీలో. ఎదురుగా ఉన్నాయన ఎవరో వాడికి తెలీదు. నాన్న గొంతు ఉన్నట్టుండి మెత్తబడిందనీ, అమ్మ తన జుట్టు సర్ది వీపు మీద చెయ్యేసి ముందుకు నెడుతోందనీ మాత్రం తెలుస్తోంది. ఆ నటుడు మర్యాదకి "ఏ సినిమా ఇష్టం నాన్నా?" అని అడిగితే వాడు నీళ్లు నములుతాడు. తర్వాత తిట్లు కూడా వాడికే.

అభిమానం మనదైతే మన పేరు మీదే అడగాలి. "నేను మీ సినిమాలు చూస్తూ పెరిగానండి, ఒక్క ఫోటో తీసుకోవచ్చా?" అంటే చాలు. పిల్లాడు తొమ్మిది పదేళ్లవాడైతే ఫోన్ వాడి చేతికిచ్చి ఫోటో తియ్యమనండి. ఫోటోలో అభిమాని ఉంటాడు, పిల్లాడికీ ఒక పని దొరుకుతుంది. అమెరికా బడుల్లో కిండర్‌గార్టెన్ నుంచే "నీ ఒళ్లు నీది, ఇష్టం లేకపోతే వద్దని చెప్పు" అని నేర్పుతారు. అలా నేర్చుకున్న పిల్ల, ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన నిలబడనని మొండికేస్తే అది పొగరు కాదు. అమ్మమ్మకి పొగరులాగే కనిపిస్తుంది కాబట్టి ఆవిడకి సర్దిచెప్పాల్సింది మనం.

అసలు చిక్కు పలకరింపులో ఉంది. విదేశంలో పెరిగే పిల్లలు తెలుగు వినేది ఎక్కువగా అమ్మానాన్నల దగ్గరే, ఆ తెలుగంతా తమని ఉద్దేశించి మాట్లాడింది: రా, తిను, పడుకో, ఏం చేశావు. 'మీరు' వాళ్ల చెవిన పడేది తక్కువ. అది చాలదన్నట్టు ఇంట్లో సినిమావాళ్ల గురించి మనం ఏకవచనంలోనే మాట్లాడుకుంటాం. "మహేష్ బాబు బాగా చేశాడు", "చిరంజీవి డాన్స్ వేస్తే ఉంటుందీ..." ఇందులో అగౌరవమేమీ లేదు, అది చనువు. ఎదురుపడితే మాత్రం అదే నోరు "సార్, మీరు" అంటుంది. ఈ మడత పిల్లలకి ఎవరూ విప్పి చెప్పరు. అందుకే ఎనిమిదేళ్ల పిల్ల నేరుగా హీరో మొహం చూసి "నువ్వు ఆ ఫైట్ బాగా చేశావు!" అనేస్తుంది. చాలామంది నటులు నవ్వేస్తారు. మొహం మాడేది మనకే.

మందు తేలికే. బాగా చేశారు, బాగున్నారా, తీసుకోవచ్చా అండి — ఈ మూడు మాటలు ఊరికి బయల్దేరే ముందు వారం రోజులు ఇంట్లో పిల్లల చేత ఆటలా పలికిస్తే చాలు. చివర 'అండి' తగిలిస్తే ముందు క్రియ కొంచెం తప్పినా చెల్లిపోతుంది. ఇంకో గొయ్యి అంకుల్, ఆంటీ. కనబడిన ప్రతి పెద్దమనిషినీ అలా పిలవమని నేర్పింది మనమే. కానీ సోషల్ మీడియాలో 'ఆంటీ' వెక్కిరింపుగా మారాక, నలభై దాటిన హీరోయిన్‌ని పిల్లాడు ఎంత ప్రేమగా అలా పిలిచినా అది గుచ్చుకునే అవకాశం ఉంది. మేడమ్, సార్ అనడం క్షేమం. అమెరికాలో అక్కడి నటుడు ఎదురైతే ఇదంతా తలకిందులు. అక్కడ పేరు పెట్టి పిలిచినా తప్పు లేదు, సార్ సార్ అంటూ వెంటపడితేనే ఎబ్బెట్టు. కాళ్లకి దండం పెట్టమని పిల్లల తల వంచడం మాత్రం ఏ ఊళ్లోనైనా మానేయాలి. దండం పిల్లాడికి రావాలి, మన చెయ్యి తోస్తే రాదు.

న్యూయార్క్‌లో పెరిగే పిల్లలకి ఊరే ఒక పాఠం నేర్పుతుంది: గుర్తుపట్టి కూడా పట్టనట్టు నడిచి వెళ్లడమే మర్యాద. సబ్‌వేలో టోపీ కిందకి దించుకుని, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న నటి ఆ పెట్టెలో ఉన్న అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, ఎవరూ కదలరు. మన పద్ధతి వేరు. కనబడ్డాక పలకరించకపోతే చిన్నబుచ్చినట్టు. రెండిట్లో ఏది గొప్ప అన్న చర్చ అనవసరం. ఏది ఎక్కడ చెల్లుతుందో పిల్లలకి తెలిస్తే సరిపోతుంది. రెండు చోట్లా ఒకేలా వర్తించే హద్దులు కొన్ని ఉన్నాయి: భోంచేస్తున్నప్పుడు, ఫోన్లో ఉన్నప్పుడు, ఆసుపత్రిలో, బాత్రూమ్ దారిలో, జిమ్‌లో అడగకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వాళ్ల పిల్లలతో ఉన్నప్పుడు.

ఈ చివరిదాని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. లాస్ ఏంజెలస్, న్యూయార్క్ లాంటి ఊళ్లలో తల్లిదండ్రులకి నటులు ఎదురయ్యేది రెడ్ కార్పెట్ మీద కాదు, బడి గేటు దగ్గర, ఉయ్యాలల దగ్గర, స్విమ్మింగ్ క్లాసులో. ఉయ్యాల ఊపుతున్న నటుణ్ని దూరం నుంచి ఫోటో తీస్తే ఫ్రేములో పడేది ఆయనొక్కడే కాదు, ఆయన కూతురు, పక్క ఉయ్యాలలో ఇంకెవరి బిడ్డో కూడా. తల్లిదండ్రులు చేసే పనిని బట్టి వాళ్ల పిల్లల్ని వెంటాడి వేధించడం మీద కాలిఫోర్నియా తన చట్టాన్ని గట్టిపరిచింది. హాలీవుడ్ నటీమణులు హాలీ బెర్రీ, జెనిఫర్ గార్నర్ 2013లో శాసనసభ కమిటీ ముందుకొచ్చి తమ పిల్లల భయాన్ని చెప్పారు. 2014 జనవరి నుంచి అమలవుతున్న ఆ సవరణ ప్రకారం ఏడాది దాకా జైలు పడొచ్చు. అది ఫోటోగ్రాఫర్ల గుంపుల కోసం పెట్టింది, ఒక్క ఫోటో తీసిన తల్లిని జైల్లో వేయడానికి కాదు. అయినా పిల్లలకి చెప్పడానికి మంచి ఉదాహరణ. మన పిల్లాడి క్లాసులో ఫలానావాళ్ల అబ్బాయి ఉంటే, ఆ సంగతి ఇండియా వాట్సాప్ గ్రూపుల దాకా వెళ్లనివ్వకపోవడం ఆ అబ్బాయికి మనం చేసే సాయం.

నటుల్ని చూడాలని పిల్లలకే సరదా ఉంటే, ఆ సరదా న్యాయంగా తీరే చోట్లు ఉన్నాయి. న్యూయార్క్‌లో పెద్ద నాటకాలాడే బ్రాడ్‌వే థియేటర్ల స్టేజ్ డోర్ వాటిలో మొదటిది. నాటకం అయ్యాక నటులు బయటికొచ్చే పక్క తలుపు అది. వీధిలో ఇనప కంచె పెడతారు, దాని వెంట నిలబడాలి. నటులు రావడానికి పదిహేను నిమిషాలు పట్టొచ్చు, ముప్పావు గంటా పట్టొచ్చు, అసలు రాకపోనూ వచ్చు. సంతకం వాళ్ల ఇష్టం, టికెట్‌లో భాగం కాదు. ఇది పిల్లలకి ముందే చెప్పకపోతే ఏడుపు ఖాయం. చాలా నాటకాలు బుధ, శనివారాల్లో రెండేసి ఆటలు ఆడతాయి. మధ్యాహ్నం ఆట తర్వాత నటులు తిని, నడుం వాల్చుకోవాలి కాబట్టి అప్పుడు బయటికి రావడం తక్కువ. సంతకం కావాలంటే రాత్రి ఆటకే వెళ్లాలి. నాలుగేళ్ల లోపు పిల్లల్ని చాలా థియేటర్లు లోపలికే రానివ్వవు.

తీసుకెళ్లాల్సినవి రెండే: లోపల ఉచితంగా ఇచ్చే ప్లేబిల్ పుస్తకం, ఒక షార్పీ పెన్ను (చెరగని మార్కర్). అట్ట లేత రంగుదైతే నలుపు, ముదురు రంగుదైతే వెండి రంగు. బాల్‌పెన్ నున్నటి అట్ట మీద జారిపోతుంది. పెన్ను మూత ముందే తీసి, సంతకానికి ఖాళీగా ఉన్న చోటు పైకి వచ్చేలా పుస్తకాన్ని రెండు చేతులతో బిగించి పట్టుకోవడం పిల్లాడికి నేర్పండి. వదులుగా పట్టుకుంటే గీత వంకర పోతుంది. ఒక్కరికి ఒక్క పుస్తకమే. నాలుగైదు ఫోటోలు దొంతరగా పట్టుకుంటే అమ్ముకునేవాళ్లనుకుని దాటేస్తారు. కంచె మధ్యలో తోపులాట ఎక్కువ, చిన్నపిల్లలతో కంచె చివర నిలబడటం మేలు. పెద్ద హీరో పక్కన చిన్న పాత్ర వేసినవాళ్లు కూడా అదే తలుపులోంచి వస్తారు. వాళ్ల దగ్గర ఆగి, "మీరు ఆ సీన్లో వాన గొడుగు తిప్పింది నచ్చింది" అని పేరుపేరునా ఒక ముక్క చెప్పగలిగిన పిల్లకి అక్కడ దొరికే నవ్వు వేరు.

సెంట్రల్ పార్కులో డెలకార్ట్ థియేటర్ ఉచితం. బాగుచేయించాక 2025 ఆగస్టులో మళ్లీ తెరిచినప్పుడు మొదటి నాటకంలో లుపితా న్యోంగో, సాండ్రా ఓ, పీటర్ డింక్లేజ్ ఉన్నారు. టికెట్ కోసం పొద్దున్నే బారులు తీరాలి. పిల్లలతో అది కొంచెం సాహసమే.

వీధిలో షూటింగులు ఇంకో వినోదం. న్యూయార్క్‌లో కార్లు పెట్టొద్దంటూ చెట్లకీ దీపస్తంభాలకీ కాగితాలు కడతారు, వాటి మీద తేదీ ఉంటుంది. లాస్ ఏంజెలస్‌లో పసుపు రేకుల మీద నల్ల అక్షరాలతో అర్థంలేని మాట ఒకటి కనిపిస్తుంది. సినిమా పేరు బయటపడకుండా పెట్టిన గుప్తనామం అది. దగ్గరికెళ్లి చూస్తే ఆ మాట రెండుసార్లు రాసి ఉంటుంది: బాణం పైన ఒకసారి, కింద తలకిందులుగా ఇంకోసారి. రేకుని తిప్పి కడితే బాణం అటు తిరుగుతుంది, మాట మాత్రం చదవడానికి వీలుగానే ఉంటుంది. కారులో వెనక సీటు పిల్లలకి వీటిని పట్టుకోవడం మంచి ఆట. సెట్ దగ్గర ఆగమంటే ఆగాలి, ఫ్లాష్ వేయకూడదు, పేరు పెట్టి అరవకూడదు. టైమ్స్ స్క్వేర్‌లో, హాలీవుడ్ బులెవార్డ్‌లో వేషాలు వేసుకుని తిరిగేవాళ్లు నటులు కారనీ, ఫోటోకి డబ్బులడుగుతారనీ చిన్నపిల్లలకి ముందే చెప్పి ఉంచాలి.

ఇక సెలవుల్లో హైదరాబాద్. జూబ్లీహిల్స్‌లో బంధువులుంటే, కేబీఆర్ పార్కు వాకింగ్ ట్రాక్ మీద ఎవరో ఒకరు ఎదురవుతారు. చెమటలు కక్కుతూ నడుస్తున్నవాళ్లని ఆపకుండా, పక్కకి తప్పుకుని నమస్కారం పెడితే తిరిగి తల ఊపుతారు, అంతవరకే. గచ్చిబౌలి ఏఎంబీ సినిమాస్‌లో మహేష్ బాబుకి వాటా ఉందని చెబితే, ఆయన టికెట్లు చింపుతూ గుమ్మంలో ఉంటాడని పిల్లలు నిజంగానే నమ్ముతారు. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ తనిఖీ దగ్గర ఫోటోలు నిషేధం, తిరిగొచ్చాక అమెరికా ఇమ్మిగ్రేషన్ హాల్లోనూ ఫోన్ తీయకూడదు. విమానంలో బిజినెస్ క్లాస్ తెర దాటి పిల్లాణ్ని పంపడం మనవాళ్లకి బాగా అలవాటైన కిటుకు. నిద్రపోతున్న మనిషిని లేపి, పైగా ఆ పని బిడ్డ చేత చేయించడం, దాన్ని కిటుకు అనకూడదు. తిరుమలలో అయితే గుళ్లోకి ఫోన్లే రానివ్వరు కాబట్టి ఈ గొడవ లేదు.

ఒక్క విషయంలో మాత్రం బేరం లేదు. హీరో వస్తున్నాడని తెలిసిన గుంపులోకి పిల్లల్ని తీసుకెళ్లకూడదు. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు బతుకుల్లో పడ్డాడు. అమెరికాలో వరుసలో నిలబడి పెరిగిన పిల్లలకి వెనకనుంచి తోపు వస్తే ఏం చేయాలో తెలీదు, చేతులు కట్టుకుని నిలబడిపోతారు. రొమ్ముకి అడ్డంగా మోచేతులు పెట్టుకోవాలనీ, పడ్డ చెప్పు కోసం వంగకూడదనీ, గుంపుకి ఎదురెళ్లకుండా ఏటవాలుగా అంచుకి జరగాలనీ చెప్పి ఉంచండి. ఇంకా మంచిది, వెళ్లకపోవడం. అక్కడికన్నా అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా సభల్లో నటుల్ని దగ్గరగా చూడొచ్చు. రెండేళ్లకోసారి జరుగుతాయి, 2023లో ఫిలడెల్ఫియాలో, 2025లో డెట్రాయిట్ పక్కన నోవైలో జరిగాయి. జనం ఉంటారు కానీ కుర్చీలూ ఉంటాయి.

ఒప్పుకుని ఫోటోకి నిలబడినవాళ్లు మనకిచ్చేది ఇరవై సెకన్లు. అందులో పదిహేను ఫోన్ తెరవడానికే పోతాయి. అడగక ముందే కెమెరా తెరిచి ఉంచుకోవాలి: ఐఫోన్‌లో లాక్ తెర మీద ఎడమకి జరిపితే చాలు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ రెండుసార్లు నొక్కాలి. మొన్నెప్పుడో పుట్టినరోజుకి పెట్టిన పది సెకన్ల టైమర్ తీసేశారో లేదో చూసుకోండి, దానివల్ల కూడా ఫోటోలు చెడతాయి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే అందరి మొహాలూ నల్లబడతాయి. సెల్ఫీలో అంచున ఉన్న మొహం సాగిపోతుంది, పిల్లని మధ్యలో పెట్టండి. పెట్టడమంటూ జరిగితే వాళ్లు అక్కణ్నుంచి వెళ్లిపోయాకే పోస్టు పెట్టాలి, లేకపోతే మనమే దారి చూపించి జనాన్ని పంపినట్టు.

ఫోటో దొరకని రోజున ఆదివారం వీడియో కాల్‌కి ఆ ముచ్చట దాచిపెట్టండి. ఎక్కడ కనబడ్డారు, ఏం వేసుకున్నారు, చేతిలో ఏముంది, ముందు ఎవరు గుర్తుపట్టారు — ఈ నాలుగూ పిల్లల చేత తెలుగులోనే చెప్పించాలి. మధ్యలో ఇంగ్లీషు దొర్లినా ఆపకండి. అమ్మమ్మ ఎలాగూ ఐదో ప్రశ్న అడుగుతుంది: "సినిమాలో కనిపించినంత పొడుగున్నాడుటే?"