తెలుగు టీచర్‌ని, టెట్ మాత్రం సోషల్‌లో రాశాను

వరంగల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. 2002 డీఎస్సీలో వచ్చిన ఉద్యోగం. అప్పటికి టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, అనేదే లేదు. విద్యాహక్కు చట్టం వచ్చాక 2010లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) దాన్ని పెట్టింది. అంతకుముందు చేరిన మాకు మినహాయింపు ఉండేది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పుతో అది పోయింది. రిటైర్మెంట్‌కి అయిదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి, లేదంటే ఉద్యోగం వదులుకోవాలి.

పరీక్షంటే నాకు భయం లేదు. పేపర్ చూశాకే కడుపు మండింది. మా హైస్కూల్ టీచర్లు రాసే పేపర్-2లో 150 మార్కులు. సైకాలజీ 30, తెలుగు 30, ఇంగ్లిష్ 30. మిగతా 60 మార్కులకు మ్యాథ్స్-సైన్స్ గానీ సోషల్ గానీ తీసుకోవాలి. మాలాంటి భాషా టీచర్లకు వేరే దారి లేదు. ఇన్నేళ్లుగా నేను బడిలో చెప్తున్న సబ్జెక్టుకు దక్కింది అయిదో వంతు. మా సోషల్ సార్‌కి ఆయన సబ్జెక్టే 60 మార్కులు. ఇద్దరం ఒకే స్టాఫ్ రూములో కూర్చుంటాం, ఒకే స్కేలు తీసుకుంటాం. కొలత మాత్రం ఒకటి కాదు.

ఆ సారే నాకు పాఠాలు చెప్పారు. లీజర్ పీరియడ్లలో అక్షాంశాలు, రుతుపవనాలు, ఢిల్లీ సుల్తానులు. రాత్రి వంట అయ్యాక ఆరో తరగతి నుంచి సోషల్ పుస్తకాలు ముందేసుకునేదాన్ని. సైకాలజీ చదవడం మాత్రం వృథా కాలేదు. పిల్లలు ఎలా నేర్చుకుంటారో పరిశోధించిన పియాజే, వైగాట్‌స్కీ చెప్పినవి మా పిల్లల్లో రోజూ కళ్లారా చూస్తున్నవే. అవి చదువుతుంటే సంతోషమేసింది.

పరీక్ష హసన్‌పర్తి వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పడింది. అంతా కంప్యూటర్ మీదే, రెండున్నర గంటలు. నా పక్క సీటులో మా అమ్మాయి వయసు పిల్ల. ఆమె ఉద్యోగం కోసం రాస్తోంది, నేను ఉన్న ఉద్యోగం పోకుండా రాస్తున్నాను. టెన్షన్‌తో మొదటి పది నిమిషాలు మౌస్ పట్టుకున్న చెయ్యి వణికింది.

బీసీలకు 75 వస్తే పాస్. వచ్చాయి.

కొత్తగా చేరేవాళ్లకు టెట్ ఉండాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ మా బడికి వస్తున్న ఆరో తరగతి పిల్లల్లో కొందరికి ఇప్పటికీ ఒత్తులు చదవడం రాదు. వాళ్లను వాక్యం దాకా ఎలా తీసుకురావాలో నాకు తెలుసు. ఆ పని తెలుసో లేదో చూడటానికి తెలుగు 30 ప్రశ్నల్లో బోధనా పద్ధతులకిచ్చింది ఆరే ఆరు. ఎవరి రాజధాని ఎక్కడో నేను గుర్తుపెట్టుకున్నానా లేదా అన్నదాన్ని బట్టి నా ఉద్యోగం తేల్చడం అన్యాయం.

మా హిందీ మేడమ్ ఇంకా రాయాలి. నా సోషల్ నోట్సు ఆమెకిచ్చాను. టీచర్ల సంఘం నాయకులు బడికి వచ్చినప్పుడల్లా ఒక్కటే అడుగుతున్నాను: భాషా టీచర్లకు ఆ 60 మార్కులు వాళ్ల భాషలోనే, దాన్ని నేర్పే పద్ధతుల మీదే పెట్టించండి.