టెర్రెల్‌లో ఒక మధ్యాహ్నం

డాలస్‌కి వచ్చి ఆరేళ్లయినా, గంట దూరం కూడా లేని టెర్రెల్‌కి నిన్ననే మొదటిసారి వెళ్లాం. అక్కడి ఓక్‌లాండ్ శ్మశానంలో 20 మంది బ్రిటిష్ వైమానిక దళ కుర్రాళ్ల సమాధులున్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో శిక్షణ కోసం ఇంగ్లండ్ నుంచి ఇంత దూరం వచ్చి, యుద్ధం చూడకుండానే పోయారు.

1943 ఫిబ్రవరి 20న ఇక్కడి నుంచి ఓక్లహోమాలోని మయామీకి బయల్దేరిన ఏటీ-6 శిక్షణ విమానాల్లో రెండు, దారిలో మబ్బు కమ్మేసి కొండల మీద కూలిపోయాయి. ఒక్కోదాంట్లో ఇద్దరు. నలుగురూ నేర్చుకునేవాళ్లే.

తెల్లరాళ్ల మీద పేరు, కింద వయసు. మా ఆవిడ వంగి ఒక్కో వయసూ చదువుతూ మధ్యలో ఆగిపోయింది. మావాడికి మొన్ననే పద్దెనిమిది నిండాయి.

చనిపోయిన సైనికులను స్వదేశానికి పంపకూడదన్నది అప్పటి బ్రిటిష్ నియమం. కన్నతల్లికి చివరిచూపు కూడా దక్కలేదు. ఈ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

విమానాలు కూలిన ప్రాంతంలో, మోయర్స్ దగ్గర, 2000లో స్మారకం కట్టారట. ఫిబ్రవరిలో మావాణ్ణి తీసుకుని అక్కడికి వెళ్తున్నాం.