బాతు కాలికి కట్టిన చిరునామా

నిన్న సాయంత్రం ఒంటారియోలోని కింగ్స్‌విల్‌లో కెనడా గూస్‌లనే పెద్ద అడవి బాతులు గుంపులు గుంపులుగా పొలంలోకి దిగుతుంటే కదలకుండా నిలబడిపోయాను. ఒకదాని కాలికి మెరుస్తున్న రింగు. నంబరు చదివేలోపే గడ్డిలోకి వెళ్లిపోయింది.

ఈ ఊళ్లోనే 1909లో జాక్ మైనర్ అనే పక్షి సంరక్షకుడు ఒక అడవి బాతు కాలికి తన చిరునామా చెక్కిన అల్యూమినియం రింగు తొడిగి వదిలారు. కొన్ని నెలలకి ఎక్కడో అమెరికాలోని దక్షిణ కరోలినా నుంచి కబురొచ్చింది, దాన్ని వేటాడిన మనిషి దగ్గర్నుంచి! బాతు పోయిందన్న బాధ, అది ఎంత దూరం ఎగిరిందో తెలిసిన సంతోషం, రెండూ ఒకే ఉత్తరంలో. తర్వాత రింగుల మీద బైబిల్ వాక్యాలు కూడా చెక్కేవారట.

మా కొల్లేటికి వచ్చే బాతుల్ని చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. కాళ్ల వంక ఒక్కసారీ చూడలేదు. ఈ సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్నతో కలిసి బైనాక్యులర్స్ పట్టుకుని గట్టు మీద కూర్చోవాలి.