సైగాన్ సందులో నూకల అన్నం, నిప్పుల మీది చాప్

వియత్నాం వెళ్లి వచ్చినవారు సాధారణంగా కూచీ సొరంగాల గురించో, మెకాంగ్ నదిలో పడవ ప్రయాణం గురించో రాస్తారు. మేమూ అవి చూశాము, అవి చూడదగినవే. అయితే ఎనిమిది రోజుల ఆ యాత్రలో నా మనసును పట్టి నిలిపింది హో చి మిన్ నగరంలో, అక్కడివారు మాటల్లో ఇప్పటికీ సైగాన్ అనే పిలుచుకునే ఆ ఊళ్లో, ఒక సందు మొగలో బొగ్గుల పొయ్యి మీద కాలిన పంది మాంసపు చాప్. కాబట్టి దాని గురించే రాస్తాను.

మొదటి రాత్రి అనుభవం మాత్రం చేదుగానే గడిచింది. ప్రయాణపు బడలికతో బయటకు వెళ్లే ఓపిక లేక, దిగిన హోటల్లోనే పోర్క్ చాప్ తెప్పించుకున్నాను. మూడు లక్షల ఇరవై వేల డాంగ్‌లు, అంటే మన లెక్కలో వెయ్యి రూపాయలకు పైమాటే. వచ్చింది అంగుళంన్నర మందం ముక్క. పైన గోధుమరంగు సాస్, పక్కన ఉడకబెట్టిన రెండు క్యారెట్ ముక్కలు. కత్తి దిగలేదు, నమిలితే పీచు పీచుగా విడిపోయింది. మనకు మటన్ చాప్స్ అలవాటు. అవి కుక్కర్లో ఎంతసేపు ఉడికినా ఎముక చుట్టూ ఉన్న జిగురు, కొవ్వు మాంసాన్ని మెత్తగానే ఉంచుతాయి. పంది చాప్ వెన్నెముక పక్కనుండే నడుం భాగంలోది. అక్కడ కండ ఎక్కువ, లోపల కొవ్వు తక్కువ. నాలుగు నిమిషాలు ఎక్కువ వేగితే అందులో తడి మిగలదు. అంత ధర తీసుకునే వంటవాడికి ఆ సంగతి తెలియకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించింది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు మా ఆవిడా నేనూ నడకకు బయలుదేరాము. బిన్ థాన్ ప్రాంతంలో రెండు సందులు దాటేసరికి నిమ్మగడ్డి, వెల్లుల్లి, చక్కెర కలిసి కాలుతున్న వాసన పొగతోపాటు మమ్మల్ని చుట్టేసింది. వెడల్పాటి ఇనుప పెట్టె నిండా బొగ్గులు, దాని మీద తీగల వల, నిప్పు రాజుకోవడానికి పక్కనే చిన్న ఫ్యాను. యాభై ఏళ్లు దాటిన ఒకావిడ రెండు చేతుల్లో రెండు పట్టకార్లు పట్టుకొని ఒకేసారి పది పన్నెండు చాప్‌లను తిరగేస్తోంది. గోడవారగా వేసిన పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ల మీద ఆఫీసులకు వెళ్లేవారు, బడి పిల్లలు కూర్చొని తింటున్నారు. మేమూ కూర్చున్నాము. పక్కన తింటున్న ఒక కాలేజీ కుర్రవాడికి ఇంగ్లీషు వచ్చు. అతడు ఆమెను 'కో' అని పిలుస్తూ మా ప్రశ్నలన్నీ ఓపికగా అడిగిపెట్టాడు. అత్తా, పిన్నీ అన్నట్టు ఊళ్లో పెద్దవాళ్లను పిలిచే మాట అదేనట.

ఆమె చెప్పిన పద్ధతిలో దాపరికమేమీ లేదు. ఎముకతో ఉన్న చాప్‌ను అర అంగుళానికి మించకుండా కోయించి, కత్తి వెనుక వైపుతో రెండు పక్కలా కొడతారు. కండలోని పోగులు విడివడడం వల్ల ముక్క మెత్తబడుతుంది, నిప్పు మీద ముడుచుకోదు. నిమ్మగడ్డిలో తెల్లటి మొదలు భాగాన్ని మాత్రమే తీసుకొని పిండిలా తరిగి, దానికి వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, చక్కెర, మిరియాల పొడి, కొంచెం నూనె, నుక్ మామ్ అనే చేపల రసం కలిపి పట్టించి రాత్రంతా ఉంచుతారు. ఈమె ఒక చెంచా మిల్క్‌మెయిడ్ వంటి చిక్కటి తీపి పాలు కూడా వేస్తుంది. రంగు, మెత్తదనం రెండూ వాటివల్లే వస్తాయని ఆమె నమ్మకం. చక్కెర ఉన్నందువల్ల ముక్కను నిప్పు మీద వదిలేస్తే క్షణంలో మాడిపోతుంది. అందుకే ఆ చేతులు ఆగకుండా తిరగేస్తూనే ఉన్నాయి. మధ్యమధ్య నిమ్మగడ్డి కాడను చితక్కొట్టి కుంచెలా చేసుకొని నూనె పూస్తోంది. అంచులు నల్లబడి, నడుమ తేనె రంగు తేలిన ముక్క కంచంలోకి రావడానికి ఆరేడు నిమిషాలు కూడా పట్టలేదు.

చేపల రసం అనగానే మా ఆవిడ ముఖం చిట్లించింది. ఉప్పులో ఏడాదిపాటు ఊరిన చిన్న చేపల నుంచి దిగే రసం అది. ఆ చేపలు మన నెత్తళ్ల జాతివే. ఎండు నెత్తళ్ల పులుసు తిన్న గోదావరి వాళ్లకు ఆ వాసన కొత్తేమీ కాదు. ఉప్పు ఒక్కటే వేస్తే మాంసానికి రాని లోతైన రుచి ఆ రసంతో వస్తుంది, నిప్పు తగిలాక చేప వాసన జాడ కూడా ఉండదు.

అయితే నన్ను కదిలించింది చాప్ కింద ఉన్న అన్నం. అది నూకల అన్నం. ఆ వంటకం పేరే కొమ్ తమ్, అంటే నూకల అన్నమని అర్థం. మా నాన్నగారు తణుకు దగ్గర రైసు మిల్లులో పాతికేళ్లు పనిచేశారు. మరలోంచి బియ్యం ఒకవైపు, తౌడు ఒకవైపు, నూకలు ఒకవైపు పడుతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. మంచి బియ్యం షావుకారుకు, నూకలు కూలివాళ్లకు, కోడిపిల్లలకు. ఆయుష్షు ఉందనడానికి 'భూమ్మీద నూకలున్నాయి' అనే జాతి మనది. అయినా చుట్టాలు వచ్చిన రోజు మా అమ్మ నూకల ఉప్మా వండిన గిన్నెను లోపలికి జరిపేసేది. మెకాంగ్ డెల్టాలోనూ కథ ఇదే. మంచి బియ్యం అమ్మకానికి పోగా మిగిలిన నూకలను రైతులు, కూలీలు వండుకు తినేవారు. ఆ పేదల కూడే సైగాన్ చేరి, కాల్చిన చాప్‌ను తోడు చేసుకొని, ఈరోజు ఆ నగరం తనదని గర్వంగా చెప్పుకునే భోజనమైంది. 2021లో వియత్నాం కొన్ని దశాబ్దాల తర్వాత మొదటిసారిగా మన దేశం నుంచి బియ్యం కొన్నప్పుడు, కొన్నది నూకలే. అవి ఎక్కువగా పశువుల దాణాకూ బీరు తయారీకీ పోయాయని చదివాను కానీ, ఆ కంచం ముందు కూర్చున్నప్పుడు ఆ వార్తే గుర్తుకొచ్చింది.

నూకలు అక్కడ కేవలం చవక కోసం లేవు. నిడుపాటి అన్నం మీద రసం పోస్తే జారి అడుగుకు చేరుతుంది. నూకలు తమ సందుల్లో దాన్ని పట్టి ఉంచుతాయి. వేడి నూనెలో వాడ్చిన ఉల్లికాడల తరుగు పైన పోశారు. పక్కన కీరా ముక్కలు, పుల్లటి క్యారెట్-ముల్లంగి పచ్చడి, వేయించిన బియ్యపు పొడి కలిపిన పంది చర్మపు సన్నటి పోగులు, ఆవిరి మీద ఉడికించిన గుడ్డు-మాంసపు బిళ్ల ఒకటి. చిన్న గిన్నెలో తీపి, పులుపు, కారం కలిసిన చేపల రసం. దాన్ని అన్నం మీద కొద్దికొద్దిగా పోసుకుంటూ చెంచా, ఫోర్కులతో తినాలి. పంది మాంసం ముట్టని మా ఆవిడ, "మీరు తినండి, నాకు గుడ్డు చాలు" అని పొరటుతో నూకల అన్నం తిని, ఇంకో చెంచా ఉల్లికాడల నూనె అడిగి వేయించుకుంది. నా కంచం నలభై అయిదు వేల డాంగ్‌లు, నూట యాభై రూపాయలు. ముందు రాత్రి ఇచ్చిన వెయ్యి రూపాయలు తలచుకొని మళ్లీ బాధపడ్డాను.

ఆ తర్వాత అయిదు గంటలు బస్సులో వెళ్లి, మెకాంగ్ డెల్టాలోని లాంగ్ సుయెన్ అనే ఊళ్లో రెండు రోజులున్నాము. అక్కడి కొమ్ తమ్ వేరు. నూకలు ఇంకా సన్నం, చాప్‌ను ముక్కగా కాక పలుచగా తరిగి, రసంలో ఉడికిన గుడ్డుతో పెడతారు. రుచిగానే ఉంది కానీ, ఎముకను చేత్తో పట్టుకొని కొరికే సుఖం అందులో లేదు. తిరిగి సైగాన్ చేరిన రెండు ఉదయాలూ ఆ సందులోనే గడిపాను.

హైదరాబాదు వచ్చిన రెండో ఆదివారం, పంది మాంసం అమ్మే దుకాణంలో ఎముకతో చాప్ అడిగితే అలవాటుగా కూర ముక్కలు కొట్టబోయారు. ఆపి, అర అంగుళం మందాన కోయించుకున్నాను. నిమ్మగడ్డి మా పెరట్లోనే ఉంది, చేపల రసం సూపర్‌మార్కెట్లో దొరికింది. ఇంట్లో పొయ్యి మీద వద్దని మా ఆవిడ ముందే చెప్పింది కాబట్టి, అటక మీదున్న మా నాయనమ్మ కుంపటి దించి మేడ మీదికి చేర్చాను. మొదటి ముక్క మాడింది, రెండోది కుదిరింది. కింద వంటింట్లో మా అమ్మ నూకలు ఎసట్లో పోసి, మూత పెట్టేముందు నన్ను పిలిచి, "నీళ్లు తగ్గించాలన్నావు, ఇంత చాలా నాయనా?" అని అడిగింది.