తొండం ఉన్న పిల్లి

మా అమ్మాయి ఒకటో తరగతి. పోయిన వారం రాసిన కథలో ఒక పిల్లి చెరువులో దిగి, ముక్కుతో నీళ్లు పీల్చి తమ్ముడి మీద చిమ్ముతుంది. కింద బొమ్మ కూడా వేసింది. పిల్లికి తొండం ఉంది.

"ఇది ఏనుగు కదమ్మా?" అన్నాను.

"ఏనుగే. ఎలిఫెంట్ అని రాస్తే నువ్వు కొట్టేస్తావుగా. క్యాట్ అయితే నాకు వచ్చు."

కొట్టేసిన మాట నిజమే. అంతకు ముందు కథలో ఆ మాటను ఎఫ్ పెట్టి రాసింది. ఎర్ర పెన్ను తీసి ఒక్క పేజీలో పదకొండు చోట్ల దిద్దాను. కథ బాగుందని అన్నానా? అని ఉండను.

టీచర్ మొదట్లోనే చెప్పారు. ఈ వయసులో చెవికి వినిపించినట్టు రాయనివ్వండి, ఏ శబ్దానికి ఏ అక్షరమో వాళ్లే వెతుక్కుంటారు, ఇప్పుడే దిద్దితే వచ్చిన మాటలు దాటి బయటికి రారు అని. బుద్ధిగా తల ఊపాను. కారెక్కగానే మా ఆవిడతో "వీళ్లకు చదువంటే ఆటలా ఉంది" అన్నాను.

నా రోగం వేరే. 1985లో భారతీయ మూలాలున్న బాలు నటరాజన్ అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ, అంటే ఇంగ్లీషు మాటలకు అక్షరాలు తప్పు లేకుండా చెప్పే పిల్లల పోటీ, గెలిచాడు. 2019లో ఎనిమిది మంది ఉమ్మడి విజేతల్లో ఏడుగురు భారతీయ మూలాల పిల్లలే. అప్పటికి మా అమ్మాయికి మాటలు కూడా రాలేదు, నేను మాత్రం పదాల జాబితా ఒకటి దాచి పెట్టుకున్నాను.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఉంది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతి సభలో పది నిమిషాలు మాట్లాడాను. బడిపిల్లలను గ్రాంథికం నుంచి తప్పించి, నోట పలికే భాషలో రాయనివ్వాలని ఆయన పడిన తపన గురించి. చప్పట్లు బాగానే పడ్డాయి. అసలు చెవిని నమ్మి రాయడం మన తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన పద్ధతి. పిల్ల ఇంగ్లీషును తెలుగులా రాస్తే ఎర్ర పెన్ను పట్టింది నేనే.

అలాగని పూర్తిగా వదిలేయగలనా? తప్పు చేతికి అలవాటైపోతే తర్వాత ఎవరు మాన్పిస్తారు? టీచర్ మాట మీద నమ్మకం పగలు ఉంటుంది, రాత్రి ఉండదు.

చివరికి నిన్న, ఇకమీదట ఎర్ర పెన్నుతో దిద్దనని మాట ఇచ్చాను.

"పెన్సిలుతోనో?" అని అడిగింది.

జవాబు చెప్పడానికి ఒక్క క్షణం ఎక్కువ పట్టింది. అది తన కంట పడింది. ఈరోజు కథలోనూ పిల్లే ఉంది.