ఆడ పక్షుల కోసం అనవాక్ దాకా

గత అక్టోబరులో, హ్యూస్టన్ పక్కనున్న మా ఊరు కేటీలో, మా ఇంటి దగ్గరి కిరాణా కొట్టు పార్కింగ్‌లో ఒక గోధుమరంగు పక్షి కనిపించింది. కళ్ళు నల్లగా ఉన్నాయి కదా అని, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో ఆడ బోట్ టెయిల్డ్ గ్రాకల్ (పొడవు తోక పక్షి) అని రాసేశాను. రెండు రోజులకి ఈబర్డ్ వాళ్ళ నుంచి మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది. ఆ పక్షి తీరంలోని ఉప్పునీటి చిత్తడులు వదిలి ఇంత లోపలికి రాదు, మరోసారి చూసుకుంటారా అని. ఫొటో పెద్దది చేసి చూస్తే, మా పార్కింగ్‌లలో రోజూ గోల చేసే గ్రేట్ టెయిల్డ్ గ్రాకలే. ఆ ఏడాది పుట్టిన పిల్ల. పెద్దయ్యాక పసుపుగా మారే కళ్ళు పిల్లప్పుడు ముదురుగానే ఉంటాయి. ఎన్నడూ చూడని పక్షి పేరు అంత ధీమాగా రాసినందుకు సిగ్గేసింది.

ఆ అసలు పక్షిని చూడాలని ఫిబ్రవరిలో ఒక శనివారం నాన్నతో కలిసి టెక్సస్ తీరంలోని అనవాక్ వన్యప్రాణి శరణాలయానికి బయల్దేరాను. నాన్న కోనసీమ నుంచి వచ్చి రెండు నెలలైంది. ఇంట్లో కూర్చోలేక సతమతమైపోతున్నారు. హ్యూస్టన్ దాటి, ఐ-10 హైవే మీద తూర్పుకి వెళ్ళి, దక్షిణానికి తిరిగితే ఛాంబర్స్ కౌంటీ వరి పొలాలు. విత్తనాలకి ఇంకా టైముంది, ఖాళీగా ఉన్నాయి. నాన్న అద్దం దించేశారు.

"ఈ గట్లేంటమ్మా, పాము పాకినట్టున్నాయి?"

నేల వాలుని బట్టి వేస్తారని చెప్పాను.

"మన దగ్గర ఇలా వేస్తే పక్కవాడితో కోర్టుకెళ్ళాలి."

ఒక మడిలోంచి వందల పిట్టలు ఒక్కసారిగా లేచి మళ్ళీ వాలాయి. నాన్న బైనాక్యులర్స్ పెట్టుకుని, "పిచ్చుకలు" అన్నారు. నేనూ మొదటి ఏడాదంతా అలాగే అనుకున్నాను. అవి రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్ ఆడపక్షులు. మగది నల్లగా, భుజాన ఎర్రటి పట్టీతో ఎవరికైనా తెలిసిపోతుంది. ఆడదానికి ఛాతీ నిండా నిలువు చారలు, కంటి మీద లేత గీత. చలికాలంలో ఆడా మగా చాలాసార్లు వేరు వేరు గుంపులుగా తిరుగుతాయి కాబట్టి, పక్కన మగపక్షి ఉండి గుట్టు విప్పుతుందన్న ఆశ కూడా లేదు. ముక్కు చూడమన్నాను. పిచ్చుక ముక్కు పొట్టిగా, లావుగా ఉంటుంది. వీటిది కోసుగా, సూదిలా ఉంది.

"నల్లపిట్ట అని పేరు పెట్టి నలుపు లేకపోతే ఎలా?" అని, కాసేపాగి ఆయనే అన్నారు, "అవున్లే, మన ఆడకోయిల మాత్రం నల్లగా ఉంటుందా ఏంటి? ఒళ్ళంతా చుక్కలేగా."

ఇదే పోలిక నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు.

ఆవుల మంద పక్కన కారాపితే ఇంకో రకం. చారల్లేని బూడిదరంగు, పొట్టి ముక్కు. ఆడ కౌబర్డ్. ఇది గూడు కట్టదు, వేరే పిట్టల గూళ్ళలో గుడ్లు పెట్టిపోతుంది అంటే, "కోయిల చుట్టమే" అని తేల్చేశారు. దాని పక్కనే బ్రూయర్స్ బ్లాక్‌బర్డ్ ఆడది. అదీ బూడిద కలిసిన గోధుమరంగే, కానీ ముక్కు సన్నం, కళ్ళు ముదురు. దాని మగవాడికి మాత్రం పసుపు కళ్ళు.

అనవాక్‌ని తెలుగులో అభయారణ్యం అనాలి గానీ అక్కడ అరణ్యమేదీ లేదు. కనుచూపు మేరా గడ్డీ, నీళ్ళూ, దోమలూ. 1963లో ఏర్పాటైంది. షవెలర్ పాండ్ చుట్టూ రెండున్నర మైళ్ళ దారి ఉంది. కారు దిగకపోవడమే మేలు, మనిషి కనిపిస్తే ఎగిరిపోయే పక్షులు కారుని పట్టించుకోవు.

జమ్ము గడ్డి మీద ఒకటి వాలింది. వీపు ముదురు గోధుమ, ఛాతీ మాత్రం కొత్త బెల్లం రంగు. తల గుండ్రంగా ఉంది. కళ్ళు నల్లగా ఉన్నాయి. ఈసారి కళ్ళని చివర్లో చూశాను. నేను వెతుకుతున్న ఆడ బోట్ టెయిల్డే. ఈ తీరంలో బోట్ టెయిల్డ్‌కి పెద్దయినా కళ్ళు ముదురుగానే ఉంటాయి, అట్లాంటిక్ వైపు వాటికి పసుపు. కాబట్టి ఒక్క కంటిని నమ్ముకుంటే నాలాగే బోల్తా పడతారు. కాసేపటికి గట్టు మీద గ్రేట్ టెయిల్డ్ ఆడది దిగింది. అది ఇంకొంచెం పెద్దది, రంగులో ఆ వెచ్చదనం లేదు, మాసినట్టుంది. కళ్ళు పసుపు. రెండూ ఒక్క చూపులో దొరికాయి. ఒకప్పుడు ఈ రెండింటినీ ఒకే జాతి కింద లెక్కేసేవారు. టెక్సస్, లూసియానా సరిహద్దు తీరంలో పక్కపక్కనే గూళ్ళు కట్టుకుంటున్నా ఇవి దాదాపుగా కలవడం లేదని 1961లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. అంటే మనం తికమకపడేది వాటికి తికమకే కాదు.

తిరిగొచ్చేముందు ఇంకొకటి కనిపించింది. కళ్ళు ముదురు, ఛాతీ బెల్లమా మాసిన రంగా అంటే రెండూ కాదు. ఎండ ఎదురుగా ఉంది. పది నిమిషాలు చూశాను. చివరికి ఈబర్డ్‌లో 'బోట్ టెయిల్డ్ లేదా గ్రేట్ టెయిల్డ్' అన్న గడి నొక్కాను.

నాన్న ఫోన్‌లోకి తొంగిచూశారు. "తేలకపోతే తేలలేదని రాయడానికి కూడా చోటుందా?"

"ఉంది నాన్నా."

"మా సర్వే నంబర్ల దగ్గర ఇలాంటి గడి ఒకటుంటే ఎంత బాగుండేది" అంటూ అద్దం ఎక్కించారు.