అద్దె కారు, ఇన్సూరెన్స్ కాగితాలు: అరకు ప్రయాణంలో నా అనుభవం

అమ్మానాన్నలను అరకు తీసుకెళ్దామనుకున్నప్పుడు కిరండూల్ రైల్లో టికెట్లు దొరకలేదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, బస్సులో అంతసేపు కూర్చోలేరు. మాకు సొంత కారు లేదు. నాకు ఘాట్ రోడ్డు మీద నడపడం అలవాటే కాబట్టి విశాఖలోనే సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుందామని నిర్ణయించాం. రోజుకు అద్దె ఎంత, డిపాజిట్ ఎంత అన్నది ఒక్క ఫోన్‌లో తేలిపోయింది. ఆ కారు ఇన్సూరెన్స్ ఎవరికి వర్తిస్తుంది, దేనికి వర్తిస్తుంది అన్నది తేల్చుకోవడానికే ఎక్కువ తిరగాల్సి వచ్చింది.

ముందుగా మా మావయ్యకు తెలిసినాయన ఒకరు తన కారు ఇస్తానన్నారు. మంచి కారు, అద్దె కూడా తక్కువ. కానీ నంబర్ ప్లేటు తెల్లది. అంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేయించిన బండి. మనమే నడుపుకునేలా అద్దెకిచ్చే కార్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. డ్రైవర్‌తో వచ్చే టాక్సీకైతే పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. ఆయన్ని ఇన్సూరెన్స్ కాపీ పంపమని అడిగాను. "అన్నీ ఉన్నాయమ్మా, ఫుల్ ఇన్సూరెన్స్" అంటూ వెంటనే వాట్సాప్‌లో పంపారు. నిజంగానే గడువు ఉంది, ఎదుటివాళ్ల నష్టానికీ కారు నష్టానికీ వర్తించే ప్యాకేజ్ పాలసీయే. కానీ కింద 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అన్న చోట, అద్దెకు గానీ ప్రతిఫలానికి గానీ వాడితే ఈ పాలసీ వర్తించదని రాసి ఉంది. ప్రైవేటు కార్ల పాలసీలన్నింటిలో ఈ వాక్యం ఉంటుంది. మొదటి పేజీలో ప్రీమియం, గడువు తేదీ చూసి పక్కన పెట్టేస్తాం కాబట్టి చాలామంది కంట పడదు.

ఆ మాటే చెబితే ఆయన, "ఎవరైనా అడిగితే చుట్టాల బండి అని చెప్పండమ్మా, ఎవరూ పట్టించుకోరు" అన్నారు. చెకింగ్‌లో అలా చెప్పి బయటపడొచ్చేమో. నన్ను ఆపింది చెకింగ్ కాదు. ఘాట్‌లో ఏ మలుపులోనో ఎవరికైనా దెబ్బ తగిలితే? మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది రోడ్డు మీద వెళ్లే ఆ మనిషి కోసమే. ప్రాణం పోయినా గాయమైనా ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వాల్సిన పరిహారానికి పాలసీలో పరిమితి లేదు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత. ఆస్తి నష్టానికి మాత్రం రూ.7.5 లక్షల పరిమితి ఉంది. అయితే సొంత బండిని అద్దెకు తిప్పారని తేలితే, షరతు ఉల్లంఘించారని వాదించే హక్కు చట్టమే కంపెనీకి ఇచ్చింది. అప్పుడు కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. దెబ్బ తిన్న కుటుంబం కోర్టు చుట్టూ తిరుగుతుంది, చివరికి ఆ డబ్బు కారు యజమాని మీదో నడిపినవాళ్ల మీదో పడుతుంది. మన విహారయాత్ర కోసం ఇంకో ఇంటివాళ్లను ఆ స్థితిలోకి నెట్టే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను. మావయ్యకు ఫోన్ చేసి విషయం వివరించాను. ఆయన కాస్త నొచ్చుకున్నారు గానీ అర్థం చేసుకున్నారు.

తర్వాత నల్ల ప్లేటు కార్లు అద్దెకిచ్చే ఒక సంస్థకు వెళ్లాను. అక్కడి మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. కారు చూపించి, డ్యాష్‌బోర్డు అరలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. ఆర్‌సీ ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. ఇన్సూరెన్స్ కాపీ మాత్రం గడువు దాటినది. "రెన్యూవల్ అయిపోయింది మేడం, కొత్త కాపీ పెట్టలేదంతే" అన్నాడు. "అయ్యుంటుందండి, ఆ కొత్త కాపీ చూశాకే తీసుకెళ్తాను" అన్నాను. ఇక్కడ మొహమాటపడకూడదు. ఇన్సూరెన్స్ లేని బండి రోడ్డెక్కితే యజమానికే కాదు, స్టీరింగ్ పట్టుకున్నవారికీ శిక్ష పడుతుంది. చట్టంలోని 196వ సెక్షన్ ప్రకారం మొదటిసారి రూ.2,000 జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. రెండోసారి పట్టుబడితే జరిమానా రూ.4,000.

అతను ఆఫీసుకు ఫోన్ చేసి పీడీఎఫ్ తెప్పించేలోపు నేను నా ఫోన్‌లో ఎం-పరివాహన్ యాప్ తెరిచి బండి నంబరు కొట్టాను. వెహికల్ క్లాస్ దగ్గర మోటార్ క్యాబ్ అని వచ్చింది. సొంత కారైతే మోటార్ కార్ అని వస్తుంది. ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉందో కూడా అక్కడే కనిపిస్తుంది, ఆ తేదీ పీడీఎఫ్‌లోని తేదీతో సరిపోయింది. తర్వాత పాలసీలోని యజమాని పేరు, ఛాసిస్ నంబరు చివరి అంకెలు ఆర్‌సీతో పోల్చి చూశాను. ఇదంతా చేయడానికి టీ తాగినంత సేపు కూడా పట్టదు. మేనేజర్ విసుక్కోలేదు, పైగా ఇన్నాళ్లలో ఇలా అడిగినవాళ్లు తక్కువని చెప్పాడు.

పాలసీలో ఇంకొకటి వెతికాను. ప్రీమియం పట్టికలో 'ఓన్ డ్యామేజ్' (ఆ కారుకే జరిగే నష్టం) అన్న గడిలో అంకె ఉందా, సున్నా ఉందా అని. సున్నా ఉంటే అది ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ. చట్టానికి అది సరిపోతుంది. కానీ కారుకు ఏం జరిగినా ఆ ఖర్చంతా అగ్రిమెంట్ ప్రకారం మన నెత్తినే పడుతుంది. మేం తీసుకున్న కారుకు ఓన్ డ్యామేజ్ ఉంది.

ఆ తర్వాత అసలైన గందరగోళం మొదలైంది. బుకింగ్ చేసేటప్పుడు అదనంగా కొంత కడితే 'డ్యామేజ్ ప్రొటెక్షన్' ఇస్తామన్నారు. చాలామంది దాన్నే ఇన్సూరెన్స్ అనుకుంటారు. అది ఇన్సూరెన్స్ పాలసీ కాదు, అద్దెకిచ్చేవాళ్లకూ మనకూ మధ్య ఒప్పందం. కారు దెబ్బతింటే మన దగ్గర ఇంతకు మించి వసూలు చేయమని వాళ్లిచ్చే మాట. నాకు చెప్పిన పరిమితి రూ.5,000. ఏయే నష్టాలకు ఇది పనిచేయదని అడిగితే, ఆ పేజీ తీసి చూపించాడు. టైర్లు, రిమ్ములు, కారు అడుగుభాగం, తాళం పోగొట్టడం, తప్పు ఇంధనం పోయించడం, మద్యం తాగి నడపడం, అగ్రిమెంట్‌లో పేరు లేనివాళ్లు నడపడం. ఆ చివరిది చూడగానే మాతో వస్తున్న తమ్ముడి లైసెన్స్ కాపీ తెప్పించి, రెండో డ్రైవర్‌గా వాడి పేరు కూడా రాయించాను. దారిలో నేను అలసిపోతే వాడు స్టీరింగ్ తీసుకోకుండా ఉంటాడా? సంతకం పెట్టే ముందు ఆ పేజీని ఫొటో తీసుకున్నాను. కారు చుట్టూ తిరిగి, అప్పటికే ఉన్న గీతలన్నీ కనిపించేలా మేనేజర్ ముందే వీడియో తీశాను.

నడిపే మనిషి సంగతి కూడా ఆ కాగితాల్లో చూసుకోవాలి. పాలసీలో రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అని పెద్దగా కనిపిస్తుంది. అది ఆర్‌సీలో పేరున్న యజమాని స్వయంగా నడుపుతున్నప్పుడు వర్తించేది. అద్దెకు తీసుకున్న నాకు దానితో సంబంధం లేదు. నాకు ఆఫీసు తరఫున ప్రమాద బీమా ఉంది. తమ్ముడికి ఏదీ లేదు. వాడి బ్యాంకు ఖాతా నుంచి ప్రధానమంత్రి సురక్ష బీమాకు అప్పుడే దరఖాస్తు పెట్టించాను. ఏడాదికి రూ.20 ప్రీమియం, ప్రమాదంలో మరణించినా పూర్తిగా అంగవైకల్యం వచ్చినా రూ.2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లు ఎవరైనా చేరొచ్చు. అమ్మకు అప్పటికే ఉంది, డ్వాక్రా సంఘంలో ఎవరో చెబితే చేరిందట. ఆ మాట విని నాకు ఎంత సంతోషమేసిందో.

శృంగవరపుకోట దాటక ముందు పోలీసులు ఆపారు. లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అడిగారు. లైసెన్స్ ఫోన్‌లో, మిగతావి ప్రింట్లలో చూపించాను. డిజిలాకర్‌లో, ఎం-పరివాహన్‌లో ఉన్న పత్రాలు అసలు కాగితాలతో సమానంగా చెల్లుతాయని 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మార్చారు. అయితే అద్దె కారు ఆర్‌సీ మన డిజిలాకర్‌లోకి రాదు, అది యజమాని పేరున ఉంటుంది. అందుకే సంస్థవాళ్ల దగ్గర ప్రింట్లు కూడా అడిగి తెచ్చుకున్నాను. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, యాప్ తెరుచుకోకపోతే ఆ ప్రింటే దిక్కు. అక్కడి ఎస్సై గారు ప్రింట్ మీద తేదీ చూసి పంపించేశారు.

అనంతగిరి ఘాట్ అంతా హాయిగా సాగింది. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర నాన్న కారు దిగి చాలాసేపు నిలబడ్డారు. దెబ్బ తగిలింది బొర్రా గుహల పార్కింగ్‌లో. మా కారు ఆగి ఉంది, లోపల ఎవరూ లేరు. ఒక ఆటో వెనక్కి తీస్తూ మా వెనక బంపర్ మూలకు తగిలింది. బంపర్ నొక్కుకుపోయి రంగు లేచింది. ఆటో అతను పారిపోలేదు, అక్కడే నిలబడి చేతులు జోడించాడు. అతని బండి నంబరు, ఇన్సూరెన్స్ కాగితం ఫొటో తీసుకున్నాను. అతని ఇన్సూరెన్స్ మీద మా నష్టం రాబట్టుకోవాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఒక బంపర్ కోసం అది జరిగే పని కాదు. చేతిలో ఉన్న డబ్బు ఇస్తానన్నాడు గానీ, ఆ రోజు కిరాయిల మీదే బతికే మనిషి దగ్గర తీసుకోవడానికి అమ్మ ఒప్పుకోలేదు. నాకూ మనసు రాలేదు.

అక్కడి నుంచే సంస్థకు ఫోన్ చేసి, ఫొటోలు పంపి, ఎన్ని గంటలకు ఎలా జరిగిందో మెసేజ్‌లో రాశాను. "ఇన్సూరెన్స్ కంపెనీకి సమాచారం ఇవ్వండి" అని అందులోనే కోరాను. పాలసీ వాళ్ల పేరున ఉంది కాబట్టి ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ వాళ్లే పెట్టాలి, అద్దెకు తీసుకున్నవాళ్లు పెట్టలేరు. ఆలస్యమైతే, సర్వే కాకుండా రిపేర్ చేయించేస్తే కంపెనీలు కొర్రీలు వేస్తాయి.

కారు అప్పగించినప్పుడు డిపాజిట్‌లోంచి రూ.20,000 పట్టుకుంటామన్నారు. బంపర్ మార్చాలట. నేను గొంతు పెంచలేదు. సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ ఇవ్వండి, క్లెయిమ్ పెడుతున్నారో లేదో చెప్పండి, డ్యామేజ్ ప్రొటెక్షన్‌కు డబ్బు కట్టించుకున్నాక రూ.5,000 దాటి ఎందుకు అడుగుతున్నారో రాసివ్వండి అన్నాను. బంపర్‌కు ప్రొటెక్షన్ వర్తించదని మేనేజర్ అన్నాడు. ఫోన్‌లో ఉన్న ఆ పేజీ తీసి చూపించాను, ఆ జాబితాలో బంపర్ లేదు. అప్పుడు అతను ఉన్నమాట చెప్పాడు. చిన్న నష్టాలకు వాళ్లు క్లెయిమ్ పెట్టరట. పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, ఐదేళ్లు అలాగే గడిస్తే 50 శాతం. ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ మొదటికి వస్తుంది. పైగా డిడక్టబుల్ కింద కొంత వాళ్లే భరించాలి. వాళ్ల లెక్కలో న్యాయం లేదని అనను. కానీ వాళ్లు బోనస్ కాపాడుకోవడానికి అయ్యే ఖర్చు అద్దెకు తీసుకున్నవాళ్ల డిపాజిట్‌లోంచి రాకూడదు, ముఖ్యంగా ప్రొటెక్షన్ పేరుతో ముందే డబ్బు తీసుకున్నాక. ఇదే మాట మర్యాదగా మెయిల్‌లో రాసి, అగ్రిమెంట్ పేజీ, బయల్దేరే ముందు తీసిన వీడియో, బొర్రాలో పంపిన మెసేజ్ జతచేశాను.

రెండు రోజులు జవాబు లేదు. మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి యజమానే మాట్లాడారు. మెయిల్ చదివానని, రూ.5,000 మాత్రమే పట్టుకుంటామని చెప్పారు. దానికి రసీదు, రిపేర్ బిల్లు కాపీ అడిగాను, పంపారు. బంపర్ మార్చలేదు, సరిచేసి రంగు వేయించారు. మిగతా డిపాజిట్ ఆ వారంలోనే ఖాతాలో పడింది.